నాలుగు వేలు

ఫోను మోగేసరికి విశాఖపట్నంలో ఉదయం పది. అవతల డాలస్‌లో రాత్రి పదకొండున్నర.

కొట్టు ఫిషింగ్ హార్బరుకి వెళ్లే దారిలో ఉంది. ముందంతా వలలు, తాళ్లు, బెండ్లు, సీసం గుళ్లు. లోపలి గోడకి గాలపు రాడ్లు నిలబెట్టి ఉంటాయి. వాటి పక్కన అద్దాల బీరువాలో రీళ్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్ల వేటకి నిషేధం. ఆ అరవై ఒక్క రోజులూ కొట్లో బేరాలు తక్కువ. గాలం వేసే అలవాటున్న నాబోటివాళ్లు అప్పుడు అక్కడ చేరతారు. యజమానికీ తీరిగ్గా మాట్లాడే అదను అదే.

ఆయన ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు.

"నమస్కారమండీ. మాది భీమిలి. మా నాన్నకి స్పిన్నింగ్ రీలు కావాలి. 2500 సైజు."

"రాడ్ ఏది?"

"అది కూడా మీ దగ్గరే తీసుకుంటానండీ."

"రాడ్ తేలకుండా రీలు సైజు ఎలా తేల్చారు బాబూ?"

అవతలి గొంతు కాసేపు తడుముకుంది. తర్వాత సంగతంతా చెప్పాడు. అక్కడ సెలవు రోజుల్లో చెరువు ఒడ్డుకి పోయి బాస్ చేపలకి గాలం వేస్తుంటాడు. ఏడడుగుల రాడ్, 2500 రీలు. చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. తండ్రి ముప్ఫై ఏళ్లు మరబోట్ల మీద కళాసీ. ఇప్పుడు సముద్రం మానేశాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. సాయంత్రాలు గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లి, ప్లాస్టిక్ సీసాకి చుట్టిన నైలాన్ దారంతో చేపలు పడుతుంటాడు.

"నేను వాడేలాంటిదే ఆయన చేతిలో ఉండాలని నా కోరికండీ."

"మరి అక్కణ్ణుంచే పంపించొచ్చు కదా?"

"పంపించొచ్చండీ. చెడిపోతే బాగుచేసేవాళ్లు దగ్గర్లో ఉండాలి కదా."

ఆ మాట యజమానికి నచ్చింది. చేతిలో అల్లుతున్న వల పక్కన పెట్టాడు.

రీలు మీది నెంబరు అంగుళాలు కాదు, గ్రాములు కాదు, అది లాగగలిగే బరువూ కాదు. దారం చుట్టుకునే స్పూలు ఎంతది, దాన్ని మోసే బాడీ ఎంతది అని చెప్పే గుర్తు అది. సాధారణంగా 1000 దగ్గర మొదలై 2500, 3000, 4000, 5000, 8000 అంటూ సముద్రపు పెద్ద చేపలకి వాడే 20000 దాకా పోతుంది. కొన్ని కంపెనీలు సున్నాలు తగ్గించి 25, 30, 40 అని వేస్తాయి. ఒక కంపెనీ ఎనిమిదో నెంబరు చెప్పు పట్టిన కాలికి ఇంకో కంపెనీ ఎనిమిది పట్టనట్టే, రీళ్లలోనూ ఒక కంపెనీ నెంబరు ఇంకో కంపెనీ నెంబరుతో అచ్చంగా సరిపోదు. షిమానో రీలు మీద నెంబరు ముందు 'సి' అని ఉంటే చిన్న బాడీ మీద కాస్త పెద్ద స్పూలు ఉందని అర్థం. అందుకే తెలిసినవాళ్లు నెంబరు చూసి ఊరుకోరు. ఏ మందం దారం ఎన్ని మీటర్లు పడుతుందో స్పూలు మీద రాసి ఉంటుంది. అది చదివి కొంటారు.

యజమాని ఇదంతా చెప్పి, తండ్రి ఏ చేపలు పడతాడని అడిగాడు.

"పండుగప్ప పడితే ఆ వారమంతా దాని గురించే చెప్తాడండీ. పార కూడా పడుతుంది."

"ఎంతెంత పండుగప్ప?"

"మూడు కిలోలు, నాలుగు కిలోలు. ఒకసారి అంతకన్నా పెద్దది తెంపుకుపోయిందన్నాడు."

యజమాని తల ఊపాడు. డాలస్ చుట్టుపక్కలవి కట్ట కట్టి నిలబెట్టిన నీళ్లు. గోస్తనీ మొగ అలా కాదు. పాటు తీసే వేళ నది నీళ్లూ సముద్రమూ కలిసి ఒకే వైపు లాగుతాయి. నాలుగు కిలోల పండుగప్ప ఆ లాగుడుకి అడ్డం తిరిగితే వంద మీటర్ల దారం చూస్తుండగానే పోతుంది. నీళ్లలోంచి పైకెగిరి తల విదిలిస్తుంది. మొప్ప మీది చెక్కు అంచు తగిలితే దారం తెగుతుంది. 2500 స్పూలు మీద అంత దారం పట్టించాలంటే సన్నది చుట్టాలి. సన్నది చుడితే చేప తెంపుకుపోతుంది.

"ముందు రాడ్ తేలుద్దాం" అని యజమాని ఎనిమిదడుగుల రాడ్ ఒకటి దించాడు. దాని పిడికి పైన 15 నుంచి 45 గ్రాములు అని రాసి ఉంది. అంత బరువు లూర్ అనే ఉత్తుత్తి ఎర గానీ, ఎరతో కలిపి అంత సీసం గానీ విసరడానికి పనికొస్తుంది. మొగ దగ్గర నిలబడి విసరడానికి ఆ రాడ్ చాలు.

"రీలు సంగతి రేపు మాట్లాడతానండీ" అన్నాడు కుర్రవాడు.

మర్నాడు సరిగ్గా పదింటికి ఫోను వచ్చింది. ఈసారి వీడియో. ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిదేళ్లుంటాయి. కళ్లజోడు. ఎదురుగా కంప్యూటరులో పట్టిక వేసి పెట్టుకున్నాడు. ఒక్కో గడిలో ఒక్కో రీలు. బరువు, బేరింగులు, పళ్ల చక్రాల నిష్పత్తి, చేప లాగితే దారాన్ని జారనిచ్చే డ్రాగ్ ఎన్ని కిలోలు, దారం ఎన్ని మీటర్లు. నిద్ర మానుకుని చేసిన పని.

"8000 తీసుకుంటానండీ."

"ఎందుకు?"

"దారం ఎక్కువ పడుతుంది. డ్రాగ్ ఎక్కువ. మా నాన్నకి ఏ లోటూ ఉండకూడదండీ. ధర ఎంతైనా ఫర్వాలేదు."

తర్వాత కాస్త ఆగి, అడగకుండానే చెప్పాడు. "ఇంజినీరింగు చదివిన నాలుగేళ్లలో నా ఫీజు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదండీ. హాస్టల్లో మిగతావాళ్ల నాన్నలు ఉద్యోగస్తులు. వాళ్లవి ఆలస్యమయ్యేవి. నాది కాలేదు. ఇన్నేళ్లలో ఆయన కోసమని నేను కొన్నది ఒక్కటీ లేదు."

యజమాని ఏమీ అనలేదు. బీరువా తెరిచి 8000 రీలు తీసి ఎనిమిదడుగుల రాడ్‌కి బిగించాడు. సీసం తూచే కాటాలో అంతకుముందే దాన్ని పెట్టి చూపించాడు. ఆరు వందల గ్రాముల పైనే ఉంది. ఫోను నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. రీలుకి జానెడు ముందు, రాడ్ కింద ఒక్క వేలు ఆనించి నిలబెట్టాడు. రాడ్ మొదలు వైపు దబ్బున వాలిపోయింది.

"ఇది 11, 12 అడుగుల రాడ్‌కి పెట్టేది. ఒడ్డున నిలబడి కెరటాలు దాటించి విసిరేవాళ్లది. మీ నాన్నగారి వయసెంత?"

"అరవై నాలుగు."

"గంటసేపు ఎత్తి పట్టుకోగలరా?"

"కుడి భుజం పట్టేస్తుందని అంటారు. చలికాలంలో మరీను. రెండేళ్ల కిందట ఫిజియోథెరపీ చేయించాను. బీపీ మాత్ర పొద్దున ఒకటి. షుగరు లేదు."

అన్నీ టకటకా చెప్పాడు. పట్టికలో ఇంకో చోట రాసి పెట్టుకున్నట్టున్నాడు.

యజమాని రాడ్ మీద మొదటి రింగు చూపించాడు. రీలుకి దగ్గరగా ఉండేది అదే, మిగతావాటికన్నా పెద్దది. పెద్ద స్పూలు మీంచి దారం పెద్ద చుట్లుగా ఊడుతుంది. ఆ చుట్లన్నీ ఈ రింగులోంచే దూరిపోవాలి. రింగు చాలకపోతే దారం దానికి కొట్టుకుంటుంది, విసురు అక్కడే సగం చచ్చిపోతుంది. రాడ్ చేసినవాడు ఆ రింగు ఎంత పెట్టాడో చూస్తే ఏ సైజు రీలు కోసం చేశాడో సగం తెలిసిపోతుంది. చాలామంది ఈ రింగుని చూడనే చూడరు. రీలు కొని, విసురు అందడం లేదని రాడ్‌ని తిడతారు.

"బేరింగులు ఎక్కువున్నది తీసుకోనా పోనీ?"

"ఉప్పు నీళ్లకి ఎన్ని ఉన్నాయన్నది కాదు బాబూ, ఎలాంటివి ఉన్నాయన్నది చూడాలి. తుప్పు పట్టే పది కన్నా పట్టని నాలుగు నయం."

కుర్రవాడు అది కూడా రాసుకున్నాడు.

మూడోరోజు 4000 దగ్గర ఆగారు. కాటాలో మూడు వందల గ్రాములు తూగింది. స్పూలు మీద 0.30 మిల్లీమీటర్ల దారం 180 మీటర్లు అని ఉంది. రాడ్‌కి బిగించి వేలి మీద నిలబెడితే, రీలుకి జానెడు ముందు రాడ్ ఇటూ అటూ వాలకుండా నిలబడింది. కుర్రవాడు అక్కడ కుర్చీలో వెనక్కి వాలాడు.

"నాలుగు వేలు ఖాయమే కదండీ?"

"ఒక్క సంగతి మిగిలింది. మీ నాన్నగారి చెయ్యి ఎంతది?"

"చెయ్యా?"

"చూపుడువేలు అందాలి బాబూ. సైజు అసలు తేలేది అక్కడే."

యజమాని రాడ్ కుడిచేత్తో పట్టుకున్నాడు. స్పిన్నింగ్ రీలు రాడ్ కింద వేలాడుతుంది. దాని కాడని మధ్యవేలికీ ఉంగరపువేలికీ మధ్య ఇరికించాడు. చూపుడువేలు చాచి దారాన్ని కొసతో అందుకుని, పైకి లాగి రాడ్‌కి ఆనించాడు. అప్పుడు ఎడమచేత్తో బెయిల్ తీగ ఎత్తాడు. ఇప్పుడిక దారాన్ని పట్టి ఉంచింది ఆ ఒక్క వేలే. రాడ్ వెనక్కి తీసుకెళ్లి వీధి వైపు విసిరాడు. చివర కట్టిన సీసం గుండు అవతలి గోడ దాకా పోయి పడింది.

"విసిరేది చెయ్యి, వదిలేది వేలు. తొందరపడి వదిలితే నెత్తి మీదుగా ఆకాశంలోకి పోతుంది. ఆలస్యంగా వదిలితే కాళ్ల ముందు పడుతుంది. గుండు గాల్లో ఉండగా అదే వేలు స్పూలు అంచుని తాకాలి. తాకితే దారం జోరు తగ్గుతుంది. అనుకున్న చోట పడుతుంది. సైజు పెరిగేకొద్దీ స్పూలు అంచు రాడ్‌కి దూరం జరుగుతుంది. వేలు అందకపోతే ఎంత మంచి రీలైనా పనికిరాదు."

మళ్లీ విసిరాడు. ఈసారి గుండు గోడకి బారెడు ఇవతల ఉండగా వేలి కొస స్పూలు అంచుకి ఆనించాడు. గుండు ఉన్న చోటే నేలకి దిగింది. నేనూ గాలం వేస్తాను. అంత మెత్తగా ఆపడం నాకు ఇంకా పట్టుబడలేదు. వేలి కొస మీద ఆయనకి దారం ఒరిసిన సన్నటి గీత ఉంది.

డాలస్‌లో కుర్రవాడు తన కుడిచెయ్యి కెమెరా ముందు పెట్టాడు. వేళ్లన్నీ చాచాడు.

"ఇదేనండీ మా నాన్న చెయ్యి. మా ఇద్దరిదీ ఒకటే. చిన్నప్పుడు వేట నుంచి రాగానే అరచెయ్యికి అరచెయ్యి ఆనించి కొలిచేవాణ్ణి. ఇంటరుకి వచ్చేసరికి సమానమైపోయింది. ఇంకా పొడుగు పెరగమనేవాడు. పెరగలేదు."

స్కేలు తెచ్చుకుని చూపుడువేలు కొలిచాడు. మొదలు నుంచి కొసకి ఏడున్నర సెంటీమీటర్లు. కొలిచింది సరిగ్గా ఉందో లేదోనని మళ్లీ కొలిచాడు. యజమాని ఇక్కడ ఇంకో స్కేలుతో 4000 రీలుకి కాడ నుంచి స్పూలు అంచు దాకా కొలిచి చూపించాడు. వేలు హాయిగా అందుతుంది. 5000 బాడీ తీసి దానికీ కొలిచాడు. అక్కడ వేలు సాగదీయాలి.

"ఏ చేతి వాటం?"

"కుడి."

"అయితే పిడి ఎడమ పక్క ఉంచుతాను. కుడిచేత్తో విసిరి, ఎడమచేత్తో తిప్పుకుంటారు."

డబ్బు ఆ నిమిషమే పంపించాడు.

దారం చుట్టడం యజమాని ఎవరికీ వదలడు. బ్రెయిడ్ దారం నున్నటి స్పూలు మీద జారుతుంది. అందుకని అడుగున కొంత మామూలు నైలాన్ చుట్టాడు. దాని మీద 20 పౌండ్ల బ్రెయిడ్ 150 మీటర్లు. తడిగుడ్డ మధ్యలోంచి పోనిస్తూ బిగువు తగ్గకుండా తిప్పాడు. స్పూలు అంచుకి రెండు మిల్లీమీటర్లు ఉందనగా ఆపాడు. అంచు దాకా నింపితే విసిరినప్పుడు గుత్తులుగా ఊడి చిక్కుపడుతుంది. మరీ తక్కువ నింపితే అంచుకి రాసుకుని దూరం పోదు.

ఆఖరికి దారం కొస స్ప్రింగ్ త్రాసుకి కట్టాడు. 20 పౌండ్లంటే తొమ్మిది కిలోలు. అందులో నాలుగో వంతు దగ్గర డ్రాగ్ జారాలి. ముందున్న మరని కొంచెం కొంచెం తిప్పుతూ లాగాడు. ముల్లు రెండుం పావు కిలోల దగ్గరికి రాగానే స్పూలు గిర్రున జారింది. మళ్లీ లాగాడు. అక్కడే జారింది. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాడు. వాడాక డ్రాగ్ బిగించి మంచినీళ్ల తడిగుడ్డతో తుడవాలి. పంపు ధార పెట్టకూడదు. ఆరాక డ్రాగ్ వదులు చేసి దాచాలి. ఆ కాగితం మడిచి పెట్టెలో పెట్టాడు.

కొట్లో కుర్రాడు బండి మీద భీమిలి వెళ్లి ఇచ్చి వచ్చాడు. పెద్దాయన ఇంట్లో లేడట. పక్కింటావిడ తీసి పెట్టుకుంది.

నిషేధం ఎత్తేయడానికి ఇంకా కొద్ది రోజులుందనగా, బోట్లకి రంగులు వేసుకునేవాళ్లు, వలలు బాగుచేసుకునేవాళ్లు కొట్టు నిండా ఉన్న పూట ఆ పెద్దాయన వచ్చాడు. రాడ్ లేదు. రీలు ఒక్కటే అట్టపెట్టెలో పెట్టి చంకన ఇరికించుకున్నాడు. తువ్వాలు కుడిచేతికి చుట్టుకుని ఉంది. బస్సు దిగి ఎండలో నడిచొచ్చాడు. దాంతోనే మొహం తుడుచుకున్నాడు.

"బీమిలండి. మా అబ్బాయి అమెరికా నుంచి కొన్నాడు."

యజమాని లేచి స్టూలు వేశాడు. ఆయన కళ్లు పెట్టె మీదే ఉన్నాయి.

"సైజు సరిపోలేదా బాబాయ్?"

"సైజుకేటి బాబూ, బేషుగ్గా ఉంది. మొన్న మూడు కిలోల పండుగప్పొకటి తగిలింది. అటు ఇటు లాక్కుపోయి, పోయి, ఆకరికి అదే అలిసిపోయింది. దారం తెగనేదు."

యజమాని మొహం విచ్చుకుంది. వెంటనే డాలస్‌కి వీడియో కలిపాడు. ఫోను పెద్దాయన మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. అవతల కుర్రవాడు నిద్ర కళ్లతో లేచి కూర్చున్నాడు.

"నాన్నా! కొట్టుకి వచ్చావా? ఎలా ఉంది రీలు?"

"బాగుంది నాయినా."

"బరువనిపిస్తోందా?"

"నేదు నేదు. తేలిగ్గానే ఉంది."

"భుజం?"

"భుజానికేటీ కానేదు."

"వేలు అందుతోందా నాన్నా? స్పూలు అంచుకి?"

"అందుతోంది నాయినా. కొలిసి సేసినట్టుంది."

కుర్రవాడి గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "చూశారా అండీ! చెప్పానా, మా ఇద్దరి చెయ్యీ ఒకటే!"

"తొంగో నాయినా, రేతిరైపోయింది నీకు" అన్నాడు పెద్దాయన. ఫోను ఆగిపోయింది.

అప్పుడు పెట్టె మూత తీశాడు. రీలు మీద ఉప్పు మరక లేదు. తుడిచి, డ్రాగ్ వదులు చేసి పెట్టాడు. కాగితం మీద రాసినట్టే.

"ఈ పిడి కుడేపుకి మార్సి ఎట్టండి బాబూ. నానే ఊడదీద్దునుగానీ, పాడైపోద్దేమోనని ఒగ్గీసినాను. ఇసిరినప్పుడల్లా సెయ్యి మార్సుకోవలసొత్తంది."

"మార్చడం నిమిషం పని బాబాయ్. కానీ పిడి కుడివైపు ఉంటే రాడ్ ఎడమచేత్తో పట్టుకుని విసరాలి."

"ఎడం సేత్తోనే ఇసురుతాను."

"మీ అబ్బాయి కుడిచేతి వాటం అన్నాడే."

"కుడే. పుట్టుక నుంచీ కుడే."

యజమాని మరి అడగలేదు. ఇలాంటి ఇష్టాలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. కుడిచేతివాళ్లయినా కుడిచేత్తోనే పిడి తిప్పేవాళ్లు తక్కువేం లేరు. కుడి పక్క ఉన్న మర మూత తిప్పి తీశాడు. ఎడమ పక్క నుంచి పిడి లాగాడు. అటుది ఇటు దూర్చి, మూత అటు బిగించాడు. రెండు చుట్లు తిప్పి చూసి, గోడకున్న ఎనిమిదడుగుల రాడ్ ఒకటి దించి దానికి రీలు తగిలించి పెద్దాయనకి ఇచ్చాడు.

పెద్దాయన రాడ్ ఎడమచేత్తో అందుకున్నాడు. రీలు కాడ వేళ్ల మధ్య ఇరికించుకున్నాడు. చూపుడువేలు చాచి దారం అందుకున్నాడు. ఏడున్నర సెంటీమీటర్లే ఉంటుందా వేలు. స్పూలు అంచుకి హాయిగా ఆనింది.

పిడి తిప్పడానికి కుడిచేతి తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. బొటనవేలు, మధ్యవేలు పిడి గుబ్బని పట్టుకున్నాయి. వాటి మధ్య ఉండాల్సింది మొదలంటా లేదు.

యజమాని చేతిలో మర తిప్పే పానా అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడు బాబాయ్ ఇది?"

"శానా ఏళ్లైపోనాది. వల ఎత్తుతుంటే వించి తాడు లాగీసింది. మావోడు ఇంజినీరింగులో సేరిన ఏడు."

"మరి అబ్బాయికి తెలీదా?"

"తెలీకేటి బాబూ" అన్నాడు పెద్దాయన, పిడి తిప్పి చూసుకుంటూ. "ఆ ఏలికి ఓనరిచ్చిన డబ్బే గదా, ఆడి మొదటి ఫీజు."